కరిగిన జింక్‌ను అదుపులో ఉంచేదెలా?

పుదుచ్చేరి వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. దానికి విరుగుడు జింక్ పూత. కరిగిన జింక్‌లో ఇనుమును ముంచే పద్ధతికి 1837లో ఫ్రెంచి ఇంజినీరు స్టానిస్లాస్ సోరెల్ పేటెంట్ పొందారు. అప్పట్లో పుదుచ్చేరి కూడా ఫ్రెంచి పాలనలోనే ఉండేది.

జింక్ దాదాపు 420 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. తొట్టిలో దాన్ని 450 డిగ్రీల దగ్గర ఉంచుతారు. వేడి తగ్గితే జింక్ చిక్కబడి, వస్తువు నుంచి సరిగా జారదు. వేడి 490 డిగ్రీల వైపు పెరిగితే ఉక్కు తొట్టి గోడనే వేగంగా తినేస్తుంది. గోడకు చిల్లు పడితే టన్నుల కొద్దీ కరిగిన లోహం బయటికి వచ్చేస్తుంది.

ఇనుము, జింక్ కలిసి ఏర్పడే డ్రాస్ అనే మడ్డి బరువైనది కనుక అడుగున పేరుకుంటుంది. అది పైకి లేస్తే పూత గరుకవుతుంది. అందుకే ఎప్పటికప్పుడు తోడేస్తారు. పైన తేలే జింక్ ఆక్సైడ్ బూడిదను, వస్తువును బయటికి తీసే ముందు పక్కకు తోస్తారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తడి. మూసి ఉన్న గొట్టంలో చిక్కిన కొద్దిపాటి నీరు సైతం క్షణంలో ఆవిరై, గొట్టాన్ని పేల్చి, కరిగిన జింక్‌ను కార్మికులపైకి చిమ్మగలదు. అందుకే ముందే రంధ్రాలు చేసి, బాగా ఆరబెట్టాకే ముంచుతారు.