ఒంటరి ఆట, జట్టు ఆట – ఏది ప్రమాదం?

"డాక్టరుగారూ, మావాడికి రోజూ తలనొప్పి. కంటి డాక్టరుకు చూపించాం. చూపు బాగానే ఉందన్నారు" అంటూ ఎల్.బి.నగర్ నుంచి ఒక తల్లి పదో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

పరీక్ష చేశాను. రక్తపోటు సరిగానే ఉంది. రక్తహీనత లేదు. రాత్రి ఎన్నింటికి పడుకుంటావని అడిగితే కుర్రవాడు తల వంచుకున్నాడు. జవాబు తల్లే చెప్పింది. "రెండవుతుంది సార్. ఫోనులో ఆట! మొన్న వాళ్ళ నాన్న మధ్యలో ఫోను లాక్కుంటే కంచం విసిరికొట్టాడు. మర్నాడంతా అన్నం ముట్టలేదు."

"ఆ ఆట ఎందరు కలిసి ఆడతారు బాబూ?" అన్నాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది ఆవిడ.

"నలుగురం సార్. మధ్యలో నేను లేస్తే మిగతా ముగ్గురూ ఓడిపోతారు. రేపు బళ్ళో నాతో మాట్లాడరు."

తలిదండ్రులు "ఫోనులో ఆటలు" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. వైద్యుడికి మాత్రం ఈ తేడా ముఖ్యం. ఒక్కరే ఆడుకునే ఆటలో ఎదుటివాడు యంత్రం. అన్నానికి పిలిస్తే బొత్తాం నొక్కి ఆపవచ్చు. ఆపినచోటే ఆట మన కోసం కాచుకుని ఉంటుంది. వెనుకటికి టీవీకి క్యాసెట్టు తగిలించి మేరియో ఆడిన పిల్లలు అమ్మ కేకేస్తే విసుక్కుంటూనైనా లేచేవారు. పదిమంది కలిసి ఆడే ఆటకు ఆ బొత్తాం లేదు. పబ్జీ వంటి ఆటలో ఒక్కసారికి నూరుమంది దిగుతారు. చివరిదాకా నిలిస్తే అరగంట పడుతుంది. ఎదుటివాళ్ళు మనుషులు కనుక ఏ రెండు ఆటలూ ఒకేలా ఉండవు, విసుగు పుట్టదు. కష్టపడి సంపాదించిన ర్యాంకు కొన్నాళ్ళకు మళ్ళీ కిందికి జారుతుంది. పైగా స్నేహితులందరూ ట్యూషన్లు, భోజనాలు ముగించుకుని చేరేది రాత్రి పది దాటాకే! కబడ్డీలో కూత పెడుతున్నవాణ్ణి చెయ్యి పట్టి ఇంటికి లాక్కుపోతే వాడు ఊరుకుంటాడా? ఫోను లాక్కోవడమూ అంతే.

2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించినప్పుడు పీడ విరగడైందని సంతోషించిన తల్లులు నాకు తెలుసు. పిల్లలు వేరే ఆటలకు మళ్ళారు. మరుసటి ఏడే అదే ఆట ఇంకో పేరుతో వచ్చింది. (డబ్బు కట్టి ఆడే రమ్మీ వంటివాటి సంగతి వేరు. వాటిని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.)

అయితే జట్టు ఆటే చెడ్డది, ఒంటరి ఆట మంచిది అనుకుంటే పొరపాటు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ గదిలో ఉండి ఉద్యోగ పరీక్షలకు కోచింగు తీసుకుంటున్న ఒక యువకుడు గుండెదడ అంటూ వచ్చాడు. ఇ.సి.జి. తీయించాను, దోషం లేదు. అతడూ రాత్రంతా ఆటే. కాని అతణ్ణి ఎవరూ పిలవరు, అతడి కోసం ఎవరూ కాచుకుని ఉండరు. ఒక్కడే ఆడతాడు. రెండుసార్లు పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. నెలరోజులుగా కోచింగుకూ పోవడం లేదు. "ఇందులో ఓడితే మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చు సార్" అన్నాడు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అది అపోహ. ఏడ్చేశాడు. అతడికున్నది ఆటల జబ్బు కాదు, మానసిక కుంగుబాటు. ఆట దాన్ని కప్పిన దుప్పటి మాత్రమే. అతణ్ణి ఒంటరిగా పంపకుండా, ఇంటివాళ్ళను పిలిపించి మానసిక వైద్యునికి అప్పగించాను. మందులు వాడుతున్నాడు. ఇటువంటి చిహ్నాలు మీ ఇంట్లో కనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది టెలిమానస్. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోతే పిచ్చివాడంటారని వెనుకాడకండి.

ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులో ఉంది. అందులో ఆన్‌లైన్ ఆటలకు ఒక విభాగం, ఆఫ్‌లైన్ ఆటలకు మరొక విభాగం ఉన్నాయి. తనను తాను ఆపుకోలేకపోవడం, చదువూ తిండీ అన్నీ ఆట తర్వాతే కావడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం – ఇవి సాధారణంగా ఏడాది పాటు సాగితేనే జబ్బు అంటారు. తీవ్రంగా ఉంటే అంతకు ముందే అనవచ్చు. ఆడేవారిలో అత్యధికులకు ఈ జబ్బు లేదు. నిద్ర చాలకపోవడం మాత్రం కోకొల్లలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన కుర్రవాడికి దక్కుతున్నది నాలుగున్నర. తలనొప్పికి వేరే కారణం వెతకనక్కరలేకపోయింది.

ఆ తండ్రిని కూడా పిలిపించాను. "గంటసేపు" అని హద్దు పెట్టకండి, గంట సరిగ్గా ఆట మధ్యలోనే పూర్తవుతుంది. "రెండు ఆటలు" అని పెట్టండి. అవి రాత్రి తొమ్మిదిన్నరలోపు అయిపోవాలి. ఆ మాట మిగతా ముగ్గురు పిల్లల ఇళ్ళలోనూ చెప్పి ఒప్పించండి. లేకపోతే మీవాడొక్కడే వెలి అవుతాడు. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగులో ఉండాలి. "మీది కూడా" అంటే ఆయన నవ్వేశాడు. ఆడేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరానికి ఇరవై సెకన్లు చూడమని పిల్లవాడికి చెప్పాను. ఆట మధ్యలో కుదరకపోతే ఆటకూ ఆటకూ నడుమనైనా చెయ్యాలి. ఆదివారం ఆ నలుగురినీ సరూర్‌నగర్ స్టేడియానికి పంపమన్నాను. అపార్టుమెంట్ల మధ్య పిల్లలకు వీధి ఎక్కడుంది కనుక!

నెల తర్వాత తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. పదకొండింటికి పడుకుంటున్నాడట, తలనొప్పి వారానికొకసారి వస్తోందట. "ఆట మాత్రం మానలేదు సార్" అంది ఆవిడ నిష్ఠూరంగా. మాననక్కరలేదన్నాను. పడుకునే వేళ ఇంకో అరగంట ముందుకు జరపమని చెప్పి, నెల తర్వాత రమ్మని చీటీ రాసిచ్చాను.