పది లారీల్లో ఒక్క గ్రాము.. పట్టగలరా?

గుంటూరు మిర్చి యార్డు నుంచి పది లారీలు బయల్దేరాయనుకోండి. ఒక్కో దాంట్లో పది టన్నుల ఎండుమిర్చి. మొత్తం వంద టన్నులు. ఆ సరుకంతటా కలిసిపోయి ఒకే ఒక్క గ్రాము పురుగుమందు ఉంది. అది ఉందని చెబితే సరిపోదు, ఎంత ఉందో కూడా మీరు లెక్క తేల్చాలి. కిలోకు 0.01 మిల్లీగ్రాము అంటే సరిగ్గా ఇంతే. విదేశీ ఓడరేవుల్లో మన సరుకును దించుకోవాలా, వెనక్కి పంపాలా అన్నది చాలాసార్లు ఈ అంకె దగ్గరే తేలుతుంది.

ఈ అంకెను కొలిచే ఉద్యోగాలున్నాయి. అసలు ఈ అంకెను నిర్ణయించే ఉద్యోగాలూ ఉన్నాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు మొదటి దాని గురించి కాస్తో కూస్తో తెలుసు. రెండో దానిలో అగ్రికల్చర్, న్యూట్రిషన్, స్టాటిస్టిక్స్, ఫార్మసీ చదివినవాళ్లకూ పని ఉందని మాత్రం క్యాంపస్‌లో చెప్పేవాళ్లు తక్కువ.

విషానికి గీసిన గీత కాదు

పంట మీద కొట్టిన మందు కోత నాటికి పూర్తిగా పోదు. మిగిలేదాన్ని అవశేషం అంటాం. ఆహారంలో అది చట్టప్రకారం ఎంతవరకు ఉండొచ్చో చెప్పేదే గరిష్ఠ అవశేష పరిమితి. ఈ రంగంలో అందరూ వాడే మాట ఎంఆర్‌ఎల్. ‘ఇది దాటితే విషం, దాటకపోతే సురక్షితం’ అని చాలామంది అనుకుంటారు. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పారంటే అక్కడే దొరికిపోతారు.

అసలు పద్ధతి వేరు. లేబుల్ మీద రాసిన మోతాదులో, రాసినన్ని సార్లు మందు కొట్టి, కోతకు ముందు ఆగాల్సినన్ని రోజులు ఆగితే పంటలో ఎంత మిగులుతుంది? ముందు దాన్ని కొలుస్తారు. పరిమితి అక్కడి నుంచే పుడుతుంది. అంత మిగిలినా తినేవాళ్లకు ప్రమాదం లేదా అన్నది ఆ తర్వాత విడిగా సరిచూస్తారు. ప్రమాదం ఉందని తేలితే ఆ వాడకానికే అనుమతి రాదు. కాబట్టి ఎంఆర్‌ఎల్ దాటిందంటే మొదట అర్థం చేసుకోవాల్సింది పొలంలో నియమం తప్పిందని. తిన్నవాళ్లకు హాని జరుగుతుందా అన్నది మరో లెక్క.

ఎనిమిది పొలాలు, ఒక అంకె

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. టమాటా మీద కొత్త మందు. ఎనిమిది చోట్ల ప్రయోగాలు పెట్టారు. ప్రతిచోటా మందు కొట్టిన ప్లాటు ఒకటి, కొట్టని ప్లాటు ఒకటి. లేబుల్ చెప్పిన గడువు ముగిశాక కాయలు కోసి, గడ్డకట్టించి ల్యాబ్‌కు పంపారు. కిలోకు మిల్లీగ్రాముల్లో ఫలితాలు ఇవి: 0.09, 0.12, 0.14, 0.16, 0.18, 0.21, 0.26, 0.36.

అన్నిటికంటే పెద్దది 0.36 కాబట్టి పరిమితి అదే అనేస్తే? తొమ్మిదో రైతు నియమం తప్పకపోయినా దోషి అయిపోవచ్చు. ఎనిమిది పొలాలు దేశంలోని పొలాలన్నీ కావు కదా. అందుకే ఓఈసీడీ తయారుచేసిన ఒక లెక్కల పట్టిక వాడతారు. అది మూడు అంకెలను పోల్చి పెద్దదాన్ని తీసుకుంటుంది: అత్యధిక అవశేషం, సగటుకు నాలుగు రెట్ల ప్రామాణిక విచలనం కలిపితే వచ్చేది, సగటుకు మూడు రెట్లు. మన ఉదాహరణలో సగటు 0.19. మొదటిది 0.36, రెండోది సుమారు 0.54, మూడోది 0.57. పెద్దది 0.57. దాన్ని పైకి సవరిస్తే ఎంఆర్‌ఎల్ 0.6. ఆ పట్టిక ఎక్సెల్ ఫైలే, ఉచితంగా దొరుకుతుంది. ఈ ఎనిమిది అంకెలూ మీరే వేసి చూడండి.

ఇక తినేవాళ్ల వైపు లెక్క. జంతువుల మీద దీర్ఘకాల పరీక్షల్లో ఏ హానీ కనిపించని అత్యధిక మోతాదు, శరీర బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు అనుకుందాం. దాన్ని సాధారణంగా 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి ఇంకో పది. వచ్చింది 0.05. జీవితాంతం రోజూ తీసుకున్నా ఫర్వాలేదనే మోతాదు ఇదే, ఏడీఐ అంటారు. 60 కిలోల మనిషికి రోజుకు 3 మిల్లీగ్రాములన్నమాట. ఎంఆర్‌ఎల్ అంచున, అంటే 0.6 దగ్గర ఉన్న టమాటాలు వంద గ్రాములు తింటే లోపలికి పోయేది 0.06 మిల్లీగ్రామే.

‘హమ్మయ్య’ అనుకోకండి. అదే మందు వరి మీద, వంగ మీద, ద్రాక్ష మీద కూడా వాడుతుంటే అన్నీ కలపాలి. ఇక్కడే న్యూట్రిషన్ వాళ్ల పని మొదలవుతుంది. మనవాళ్లు రోజుకు అన్నం ఎంత తింటారు, పప్పు ఎంత, పచ్చిమిర్చి ఎన్ని గ్రాములు? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా చేసిన ఆహార సర్వేలు ఇలాంటి చోటే అక్కరకొస్తాయి. అంతర్జాతీయ అంచనాలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలను 17 ఆహార సమూహాలుగా విడదీసి పెట్టుకుంది. ఒకేపూట ఎక్కువగా తింటే ఏమవుతుందన్నది వేరే లెక్క. పిల్లల శరీర బరువు తక్కువ కాబట్టి చాలా మందులు ఆ లెక్క దగ్గరే ఆగిపోతాయి.

ఒక లోటు ఒప్పుకోవాలి. ఈ లెక్కలన్నీ సాధారణంగా ఒక్కో మందుకు విడివిడిగా వేస్తారు. కంచంలో మాత్రం నాలుగైదు మందుల అవశేషాలు కలిసే ఉండొచ్చు. ఒకే అవయవం మీద పనిచేసే మందులను కలిపి అంచనా వేసే పద్ధతిని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో థైరాయిడ్, నాడీ వ్యవస్థలకు సంబంధించి చేసి చూపించింది. పీహెచ్‌డీకి అంశం వెతుకుతున్నవాళ్లు ఇటు ఒక చూపు వేయొచ్చు.

గోంగూర రైతు చేసిన తప్పేంటి?

మన దేశంలో ఈ పని రెండు ఇళ్ల కాపురం. ఏ మందు ఏ పంట మీద వాడొచ్చో చెప్పేది 1968 నాటి పురుగుమందుల చట్టం కింద పనిచేసే రిజిస్ట్రేషన్ కమిటీ. అది వ్యవసాయ శాఖ వైపు. ఆహారంలో పరిమితి ఎంతో ప్రకటించేది 2006 చట్టంతో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. అది ఆరోగ్య శాఖ వైపు. ప్రత్యేకంగా పరిమితి ప్రకటించని చోట సాధారణంగా వర్తించేది మొదట చెప్పుకున్న 0.01.

ఇప్పుడు గోంగూర, తోటకూర వేసే రైతును తలచుకోండి. వరికి, పత్తికి, మిర్చికి లేబుళ్ల మీద బోలెడు మందులుంటాయి. ఈ చిన్న పంటల పేరున్నవి చాలా తక్కువ. పురుగు మాత్రం లేబుల్ చూసి రాదు. పక్క షాపులో ఇచ్చిందేదో కొడతాడు. ఆకుకూర కాబట్టి రెండు రోజుల్లో కోస్తాడు. నమూనా తీస్తే నేరమే. కానీ ఆ మందు, ఆ పంట మీద ఎన్ని రోజుల్లో ఎంత తగ్గుతుందో కొలిచినవాళ్లు లేకపోవడం వల్లే అది 0.01 దగ్గర ఆగిపోయింది. కొలిస్తే పరిమితి రావచ్చు, లేదా ‘ఈ పంట మీద వద్దే వద్దు’ అని గట్టిగా చెప్పగలగొచ్చు. రెండూ రైతుకు, తినేవాళ్లకు మేలే. ఆ కొలత కోసం పొలంలో ప్లాట్లు వేసి, ఎండలో నమూనాలు మోసేవాళ్లు కావాలి.

సమాచారం లేకపోతే ఎంత నష్టమో వరిని చూస్తే తెలుస్తుంది. అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ మన రైతులకు బాగా తెలిసిన మందు. బియ్యంలో దీని పరిమితి యూరప్‌లో కిలోకు 1 మిల్లీగ్రాము ఉండేది. 2017లో నిర్ణయం తీసుకుని దాన్ని 0.01కి దించారు. అంటే వందో వంతుకు. ఆ మందుకు యూరప్‌లో అనుమతి లేదు. భద్రంగా ఉందని తేల్చడానికి అందిన సమాచారం కూడా వాళ్లకు సరిపోలేదు. దెబ్బ పంజాబ్, హరియాణా బాస్మతి ఎగుమతుల మీద పడింది.

రిపోర్టులో 0.012 వస్తే..

ల్యాబ్ పని దగ్గరకొద్దాం. నమూనాను మెత్తగా చేసి, ద్రావణితో మందును బయటకు లాగి, శుభ్రం చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. 2003లో వచ్చిన క్వెచర్స్ అనే పద్ధతి దీన్ని తేలిక చేసింది. ఒకే విడతలో వందల మందులను వెతకొచ్చు. అలాగని అన్నీ దొరకవు. 2010లో మన ద్రాక్ష యూరప్‌లో చిక్కుల్లో పడింది క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ వల్ల. తీగ ఎదుగుదలను అదుపు చేసే మందు అది. ఇక్కడ పరీక్షించాల్సిన జాబితాలో దాని పేరే లేదు. పైగా మామూలు క్వెచర్స్‌కు చిక్కే రకం కాదు, వేరే పద్ధతి కావాలి. వెతకనిది దొరకదని ఈ రంగం బోలెడు ఖర్చు పెట్టి నేర్చుకుంది.

మిర్చిది మరో తంటా. ఎండితే నీరు పోతుంది, మందు అంతగా పోదు. అందుకే పచ్చిమిర్చి నుంచి ఎండుమిర్చికి పరిమితి అంచనా వేసేటప్పుడు అంతర్జాతీయ నిపుణులు ఏడు రెట్లు లెక్క కట్టిన సందర్భాలున్నాయి. పచ్చికాయలో సరిగ్గా ఉన్న సరుకు కళ్లంలో ఎండేసరికి గీత దాటినట్టు కనిపించడం అందుకే.

ఇప్పుడు అసలు సన్నివేశం. శుక్రవారం సాయంత్రం. ఎగుమతిదారు కంటెయినర్ రేపు పోర్టుకు వెళ్లాలి. మీ స్క్రీన్ మీద 0.012. పరిమితి 0.01. ‘చివరి అంకె కాస్త సర్దండి’ అని ఫోన్. ఏం చేస్తారు?

అంకె సర్దరు. అయితే ప్రతి కొలతకూ అనిశ్చితి ఉంటుందని మీకు తెలిసి ఉండాలి. యూరప్ ల్యాబ్ మార్గదర్శకాల ప్రకారం చర్య తీసుకునే అధికారులు అవశేషాల ఫలితాల్లో 50 శాతం అనిశ్చితిని లెక్కలోకి తీసుకుంటారు. 0.012లో సగం తీసేస్తే 0.006. అది పరిమితి లోపలే, కాబట్టి ఆ ఒక్క ఫలితంతో అధికారి సరుకును ఆపడు. ‘ఇంకేం, పంపేయండి’ అనాలనిపిస్తుంది. కానీ అక్కడి నమూనాలో 0.016 వస్తే? 0.021 వస్తే? అనిశ్చితి రెండు వైపులా పనిచేస్తుంది. కాబట్టి రిపోర్టులో 0.012 అనే రాసి, అనిశ్చితి ఎంతో పక్కన రాసి, పంపాలా వద్దా అన్న నిర్ణయం సరుకు యజమానికి వదిలేస్తారు. ఫ్రెషర్లకు ఈ ఫోన్ మొదటి ఏడాదిలోనే రావచ్చు. సమాధానం ఇప్పుడే సిద్ధంగా ఉంచుకోండి.

చోటు ఎక్కడ?

కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్లకు దగ్గరి దారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లు. మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చేతులు తిరిగినవాళ్లకు, ఐఎస్‌వో 17025 కాగితాల పని తెలిసినవాళ్లకు గిరాకీ ఎక్కువ. నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడేళ్ల జీతం సాఫ్ట్‌వేర్ మిత్రుల ముందు చెప్పుకునేలా ఉండకపోవచ్చు. ఆ అనుభవం ఊరికే పోదు. తగిన డిగ్రీతో పాటు ఆహార విశ్లేషణలో మూడేళ్ల అనుభవం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే ఫుడ్ అనలిస్ట్ పరీక్ష రాయొచ్చు. చట్టప్రకారం రిపోర్టు మీద సంతకం చేసే హక్కు అనలిస్ట్‌దే.

అగ్రికల్చర్ వాళ్లకు పొలం ప్రయోగాలు, రిజిస్ట్రేషన్ ఫైళ్లు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం దగ్గర అవశేషాల మీద అఖిల భారత నెట్‌వర్క్ ప్రాజెక్టు కేంద్రం ఉంది. ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండండి. అవి కాంట్రాక్టు ఉద్యోగాలే, కానీ నేర్చుకోవడానికి ఇంతకు మించిన చోటు మన దగ్గర తక్కువ. అక్కడే ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ అవశేషాల విశ్లేషణ మీద శిక్షణలు ఇస్తుంది. శాస్త్రవేత్త కావాలనుకుంటే ఏఆర్‌ఎస్ పరీక్షలో అగ్రికల్చరల్ కెమికల్స్ ఒక ప్రత్యేక విభాగం. టాక్సికాలజీ వాళ్లకు జీఎల్‌పీ ల్యాబ్‌లున్నాయి. మన జీఎల్‌పీ పరీక్షల సమాచారాన్ని ఓఈసీడీ దేశాలు 2011 నుంచి అంగీకరిస్తున్నాయి కాబట్టి విదేశీ కంపెనీల పని కూడా ఇక్కడికి వస్తోంది. స్టాటిస్టిక్స్ వాళ్లు ఈ పేజీలో తమ పేరు వెతుక్కుంటుంటే, ఆ ఎనిమిది పొలాల లెక్క మళ్లీ ఒకసారి చదవండి.

ఈ ఆదివారానికి ఒక పని. మీ ఊళ్లో మందుల షాపుకు వెళ్లి ఏదో ఒక డబ్బా లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దాని మీద ఏయే పంటలున్నాయి, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగమన్నారు? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్‌లో కలుషితాలు, అవశేషాల నిబంధనలు తెరిచి ఆ మందుకు, ఆ పంటకు ఎంఆర్‌ఎల్ ఎంతో వెతకండి. తర్వాత మీ ఊరి రైతులు ఆ మందును ఇంకా ఏయే పంటల మీద కొడుతున్నారో అడగండి. రెండు జాబితాలూ పక్కపక్కన రాసుకుంటే ఒక పేజీ అవుతుంది. ‘ఈ రంగంలోకి ఎందుకు వద్దామనుకుంటున్నారు?’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టండి.