కిల్టు కట్టాలంటే కోటీశ్వరుడు కానక్కర్లేదు!

‘బ్రేవ్‌హార్ట్’ (1995) చూసినవాళ్లకి కిల్టు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అందులో మెల్ గిబ్సన్ వేసిన విలియం వాలెస్ అసలు మనిషి. 1305లో చనిపోయాడు. స్కాట్లండ్ కొండసీమల మగవాళ్లు గళ్ల దుప్పటిని నడుముకి బెల్టుతో బిగించి కట్టుకోవడం మొదలెట్టింది ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లకి! సినిమావాళ్ల తొందర అలాంటిది మరి.

తెర మీది సంగతి అలా ఉంచండి. 2000లో మన పాత జేమ్స్ బాండ్ షాన్ కానరీ ఎడిన్‌బరోలో ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా ‘సర్’ బిరుదు అందుకున్నాడు. ఆరోజు ఆయన కట్టుకెళ్లింది కిల్టే. 1745 తిరుగుబాటు తర్వాత ఆ దుస్తుల్ని 1746 చట్టంతో నిషేధించారు. 1782లోగాని ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. అంచేత అది వాళ్లకి పరువుతో ముడిపడ్డ బట్ట. మన పెద్దాయన పంచెకట్టు చూసి ఎవరైనా నవ్వితే మనకెలా ఉంటుందో, వాళ్లకీ అంతే!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా అన్నయ్య కొడుకు గ్లాస్గోలో చదువుకుంటున్నాడు. నేను ఎడిన్‌బరోలో ఉన్న రోజుల్లో ఫోన్ చేశాడు.

“బాబాయ్, మా స్నేహితుడి పెళ్లి. కిల్టు కట్టుకు రమ్మన్నాడు. నా దగ్గర నూట యాభై పౌండ్లున్నాయి. అంతకి మించితే వచ్చే నెల గది అద్దె కట్టలేను. అలాగని పగటివేషగాడిలా వెళ్లి వాళ్ల పరువూ నా పరువూ తియ్యలేను.”

సమస్యంటే అదీ! వాణ్ణి వెంటేసుకుని నాలుగు దుకాణాలు తిరిగాను.

ఎనిమిది గజాల కథ

అసలు సిసలు కిల్టుకి ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. వెనక మడతలన్నీ చేత్తో కుడతారు. గజానికి 16 ఔన్సుల బరువున్న గుడ్డయితే దర్జాగా వేలాడుతుంది. 13 ఔన్సులది ఒంటికి కాస్త తేలిక. కొలతలిచ్చి కుట్టిస్తే కొన్ని వందల పౌండ్లు వదులుతాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, జాగ్రత్తగా వాడితే తండ్రి కట్టింది కొడుక్కీ పనికొస్తుంది.

రెండోది ఐదు గజాల రకం. మడతలు తక్కువ, ధరా తక్కువ. మామూలు రోజులకి హాయి. మూడోది పాలీవిస్కోస్. చూపుకి ఉన్నిలాగే ఉంటుంది, చాలావాటిని ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, చాలా చవక. ఇక యాత్రికుల కోసం వేలాడదీసే పల్చటి అక్రిలిక్ రకం ఉందే, అది ఫోటోకి సరే, పెళ్లికి వద్దు.

కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. మడతల మీద కూడా గళ్లు చెదరకుండా కలిశాయా? నడిస్తే మడతలు ఊగి మళ్లీ వాటి చోటికి వస్తున్నాయా? ఈ రెండూ ఉంటే సగం గెలిచినట్టే.

జేబు చిన్నదైనవాళ్లకి ఇంకో దారుంది. బట్టలు అద్దెకిచ్చే దుకాణాలు కొన్నాళ్లు తిప్పిన ఉన్ని కిల్టుల్ని తక్కువకి అమ్మేస్తుంటాయి. మావాడికి దొరికింది అలాంటిదే, డెబ్భై అయిదు పౌండ్లకి! చిమ్మెట తిన్న కన్నాలున్నాయేమో వెలుతురుకి పట్టి చూసి మరీ తీసుకున్నాం.

కొలత తప్పితే అంతా తప్పే

ప్యాంటు సైజు చెప్పి కిల్టు కొనకండి. ప్యాంటు కిందకి దిగి ఉంటుంది, కిల్టు బొడ్డు దగ్గర నిలుస్తుంది. మావాడి ప్యాంటు ముప్ఫై రెండు, అక్కడ టేపు పెడితే ముప్ఫై నాలుగు! నడుము, పిరుదులు, బొడ్డు నుంచి మోకాలిచిప్ప మధ్యదాకా పొడవు, ఈ మూడూ కొలిపించుకోండి. మోకాళ్ల మీద కూర్చుంటే అంచు నేలకి ఓ అంగుళం పైన ఉండాలి. నేలని తుడుస్తోందంటే పొడవెక్కువ.

“మన ఇంటిపేరుకి గళ్లు లేవుగా బాబాయ్?” అని మావాడికి మరో బెంగ. అక్కడ కులానికో గళ్లు ఉన్న మాట నిజమే. కానీ ఫలానావి ఫలానావాళ్లే కట్టాలని చట్టమేమీ లేదు. బాల్మోరల్ అనే గళ్లు మాత్రం రాజకుటుంబానివి, వాటి జోలికి వెళ్లకపోవడం మర్యాద. ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన ‘బ్లాక్ వాచ్’ ఎవరికైనా నప్పుతుంది, మాసినా కనబడదు. వాడు తీసుకున్నది అదే.

ఒకే కిల్టు, రెండు ముస్తాబులు

అసలు గుట్టు ఇక్కడుంది. పంచె ఒకటే అయినా బనీనుతో కడితే ఇంటికి, పట్టు కండువా వేస్తే పెళ్లికి! కిల్టూ అంతే. సరదాగా తిరగడానికి మామూలు చొక్కానో స్వెట్టరో, మందపాటి మేజోళ్లు, బూట్లు చాలు. కిల్టుకి జేబులుండవు, అందుకే ముందు వేలాడే స్పోరన్ అనే సంచి. రోజూకి తోలుది వాడతారు, విందుకి బొచ్చూ వెండి పనీ ఉన్నది.

పగటి పెళ్లికి ఆర్గైల్ కోటు, మామూలు టై. రాత్రి విందుకి ప్రిన్స్ చార్లీ కోటు, బో టై. కొనాలంటే ఆర్గైలే కొనండి, పగలూ రాత్రీ సరిపోతుంది. మావాడు తోలు స్పోరన్‌కి ఇరవై, మేజోళ్లకి పదిహేను పెట్టి, కోటు ముప్ఫై అయిదుకి అద్దెకి తెచ్చాడు. ఉన్న నల్లబూట్లకే పాలిష్! మొత్తం నూట నలభై అయిదు. గది అద్దె భద్రం.

ఇంకొక్క మాట. కిల్టు ముందు రెండు పొరలుంటాయి. కింద మూలన పెట్టే పిన్ను పైపొరకే గుచ్చండి. రెండిటికీ కలిపి గుచ్చితే కూర్చునేటప్పుడు గుడ్డ చిరుగుతుంది.

లోపల ఏం వేసుకోవాలంటారా? అక్కడ ఆ ప్రశ్న అడగడమూ మర్యాద కాదు, జవాబివ్వడమూ మర్యాద కాదు. కాకపోతే అద్దెకి తెచ్చిన కిల్టయితే మాత్రం తప్పకుండా ఏదో ఒకటి వేసుకోండి. మీ తర్వాత దాన్ని కట్టుకునే పెళ్లికొడుకు మిమ్మల్ని చల్లగా ఉండమని దీవిస్తాడు!