పది షేర్ల ధైర్యం వెయ్యి షేర్లకు ఉంటుందా?

పది షేర్లు ఉదయం కొని సాయంత్రంలోగా అమ్మితే వంద రూపాయలు మిగిలాయి. మరి వెయ్యి షేర్లయితే పదివేలు కదా! మనలో చాలామంది యువకులు వేసుకునే లెక్క ఇదే. కాగితం మీద ఇది తప్పు కాదు. బజారులోనే తప్పుతుంది.

ఎందుకని? పది షేర్లు కనిపించిన ధరకే దొరుకుతాయి. వెయ్యి కావాలంటే, ముఖ్యంగా చిన్న కంపెనీలలో, ఆ ధరకు అమ్మేవారు చాలరు. పై ధరకు, ఆపై ధరకు కొంటూ పోవాలి. అమ్మేటప్పుడు కిందికి దిగాలి. లాభం అక్కడే కరిగిపోతుంది.

రెండోది, బ్రోకరు ఇచ్చే వెసులుబాటు. లక్ష రూపాయలతో 5 లక్షల షేర్లు కొన్నామనుకుందాం. ధర 4 శాతం పడితే 20 వేలు పోతాయి. అంటే మన సొమ్ములో ఐదో వంతు!

మూడోది మనసు. వంద పోతే నవ్వి బయటపడతాం. పదివేలు పోతుంటే 'మళ్ళీ పెరుగుతుందిలే' అని కూర్చుంటాం.

సెబీ 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022-23లో షేర్లను ఏ రోజుకారోజు కొని అమ్మిన వ్యక్తుల్లో పదికి ఏడుగురు నష్టపోయారు. ఏడాదిలో 500కు మించి లావాదేవీలు చేసినవారిలో నష్టపోయినవారు 80 శాతం.

చేతిలో లేని షేరును ముందే అమ్మడం, అరువుతో పరిమాణం పెంచడం సమ్మతమా కాదా అన్నది ఆలిములను అడిగి తెలుసుకోవలసిన విషయం. లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. రోజుకు వెయ్యి రూపాయలకు మించి పోకూడదనుకుని, షేరు 5 రూపాయలు పడగానే అమ్మేయాలనుకుంటే, 200 షేర్లే మన హద్దు. ఆ వెయ్యి కూడా పిల్లల ఫీజుకు దాచినది కాకూడదు.