ఒంటి లెక్క ఎవరి సొత్తు?

వ్యాయామం యాప్‌లు తయారు చేసేవారు, వాడేవారు తెలుసుకోవలసిన సంగతులు

కోసిగి: నడిచిన అడుగులను, కొట్టుకునే నాడిని, నిద్రపోయిన గంటలను లెక్కగట్టే యాప్‌లు పల్లెల్లోని ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో తెల్లవారక ముందే పరుగు సాధన చేసే యువకులకు ఇవి అక్కరకు వస్తున్నాయి. కానిస్టేబుల్ దేహ దారుఢ్య పరీక్షలో పురుషులు 1600 మీటర్ల పరుగును 8 నిమిషాల్లో ముగించాలి. గడియారం పట్టుకుని పక్కన నిలబడే మనిషి లేనిచోట ఫోనే ఆ పని చేస్తున్నది. షుగరు, బి.పి. ఉన్న పెద్దలు డాక్టరు నడవమన్నందుకు రోజూ ఎంత నడిచిందీ చూసుకోగలుగుతున్నారు. ఇంతవరకు మంచిదే. కాని ఆ లెక్క చాలా యాప్‌లలో ఫోనులోనే ఉండిపోదు. ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది. అక్కడి నుంచి ఎవరి చేతికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

ఇది పట్నం వారి సమస్య అని కొట్టివేయడానికి వీలులేదు. కోసిగి నుంచి, ఆదోని నుంచి కంప్యూటరు చదువులకు వెళ్ళిన పిల్లలు ఉన్నారు. వారిలో ఒకరు రేపు తన ఊరి తమ్ముళ్ళ కోసం ఒక వ్యాయామం యాప్ తయారు చేయవచ్చు. చేయాలి కూడా. మన ఎండ, మన తిండి, మన పని తెలిసినవాడు చేసిన యాప్ మనకు ఎక్కువ పనికివస్తుంది. అయితే ఆ యువకుడు మొదటి రోజునే తెలుసుకోవలసిన చట్టాలు కొన్ని, చట్టంలో రాయని ధర్మాలు కొన్ని ఉన్నాయి. వాడేవారు తెలుసుకోవలసినవీ అవే.

అడగకుండా తీసుకోరాదు

మనిషి సొంత సంగతుల గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పుట్టస్వామి కేసుగా పేరుపడిన తీర్పు ఇది. ఆ తర్వాత పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని చేసింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి. కంపెనీలు పాటించవలసిన ముఖ్యమైన విధులకు అందులో 18 నెలల గడువు ఇచ్చారు.

ఈ చట్టం ప్రకారం ఏ సమాచారం తీసుకుంటున్నారో, ఎందుకు తీసుకుంటున్నారో ముందుగా చెప్పి సమ్మతి పొందాలి. ఆ సమ్మతి బలవంతం లేకుండా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. చెప్పిన పనికి అవసరమైనంత వరకే అది చెల్లుతుంది. చట్టంలోనే ఇందుకు ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోను ద్వారా వైద్య సలహా చెప్పే యాప్ ఒకటి, ఫోనులోని స్నేహితుల, బంధువుల నంబర్లు కూడా చూస్తానని అడిగింది. ఆమె సరేనన్నది. అయినా ఆ నంబర్లకు సమ్మతి ఉన్నట్లు కాదు. ఎందుకంటే వైద్య సలహాకు ఆ నంబర్లతో పని లేదు. పరుగు కొలిచే యాప్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పరుగు కొలవడానికి దూరం, సమయం చాలు. ఫోటోలు, నంబర్లు, సందేశాలు అక్కరలేదు.

ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే హక్కు ఉన్నది. ఇవ్వడం ఎంత సులువో వెనక్కు తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని చట్టం చెబుతున్నది. సమాచారాన్ని సరిచేయమని, తుడిచివేయమని కోరే హక్కు కూడా ఉంది.

భాష సంగతి మన ప్రాంతానికి ముఖ్యమైనది. ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గాని ఈ వివరాలు చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, కన్నడం రెండూ అందులో ఉన్నాయి. రెండు భాషలూ వినిపించే ఈ సరిహద్దు పల్లెలకు అది మేలు. కాని చదవడం రానివారి మాట ఏమిటి? అక్షరాస్యతలో బాగా వెనుకబడిన కోసిగి వంటి మండలంలో ఇంగ్లీషు కాగితానికి బదులు తెలుగు కాగితం చూపినంత మాత్రాన చాలదు. ఏం తీసుకుంటున్నామో గొంతుతో చెప్పి వినిపించాలి. చట్టం అక్షరం అక్కడిదాకా పోలేదు గాని, యాప్ చేసేవాడి ధర్మం అక్కడిదాకా పోవాలి.

వార్డెన్ సంతకం సమ్మతి కాదు

ఒకరి ఒంటికి మరొకరు సమ్మతి ఇస్తే ఏమవుతుందో తెలుగువారికి తెలియని సంగతి కాదు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ నివారణ టీకాలు వేశారు. ఒక అమెరికన్ సంస్థ ఆధ్వర్యాన జరిగిన పరిశీలన అది. సుమారు 14 వేల మంది బాలికలు అందులో ఉన్నారు. వారిలో ఎందరో గిరిజన హాస్టళ్ళ పిల్లలు. విమర్శలు రేగడంతో 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. సమ్మతి పత్రాలను తిరగవేసి చూస్తే 9,543 పత్రాలలో 1,948 వేలిముద్రలతోనూ, 2,763 హాస్టల్ వార్డెన్ల లేదా ప్రధానోపాధ్యాయుల సంతకాలతోనూ ఉన్నట్లు తేలింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఈ తీరును తీవ్రంగా తప్పు పట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పిల్లల తల్లిదండ్రులను అడగలేదన్నది ఇక్కడి సంగతి.

సూది అయినా, యాప్ అయినా న్యాయం ఒకటే. కొత్త చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తున్నది. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల లేదా చట్టబద్ధమైన సంరక్షకుల సమ్మతి ఉన్నదని రుజువు చేసుకోవాలి. పిల్లల కదలికల మీద కన్నేసి వారికి ప్రకటనలు చూపరాదు. దీనిని మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. హైస్కూలు పిల్లలకు పరుగు పందెం పెట్టి యాప్‌లో పేర్లు ఎక్కించాలనుకునే ఉత్సాహవంతులు ఇది గుర్తుంచుకోవాలి.

పల్లెలో ఇంకొక చిక్కు ఉంది. ఒక ఫోనును ఇంటిల్లిపాదీ వాడతారు. భర్త ఫోనులో భార్య తన బరువు, నెలసరి తేదీలు రాసుకుంటే సమ్మతి నొక్కినది ఎవరు? ఆ వివరాలు చూసేది ఎవరు? ఒకే ఫోనులో ఒక్కొక్కరికి వేరువేరు తాళం పెట్టుకునే ఏర్పాటు లేని యాప్‌ను మన ఊళ్ళకు పనికివచ్చే యాప్ అనలేము.

మేస్త్రీ చేతికి చిక్కితే

పత్తి తీతకు, మిరపకాయల కోతకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి పోయే కుటుంబాలు కోసిగి ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. గుంపు కట్టే మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఎవరు పొద్దస్తమానం వంగి పని చేయగలరు, ఎవరు సగం పూటకే అలసిపోతారు అన్నది ఆయనకు డబ్బుతో ముడిపడిన సంగతి. ఫలానా ఆమెకు రక్తం తక్కువ, ఫలానా అతనికి గుండె దడ, ఫలానా కోడలికి మూడో నెల అన్న వివరాలు యాప్ నుంచి జారి అటువంటివారి చెవిన పడితే ఆ ఇంటికి అడ్వాన్సు పుట్టదు. అప్పు ఇచ్చేవారికి, బీమా అమ్మేవారికి చేరినా ఫలితం ఇటువంటిదే. అందుకే ఒంటి లెక్కకు బంగారానికి ఇచ్చినంత కాపలా ఇవ్వాలి.

జారడం జరగదనుకోవడం పొరపాటు. 2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అన్న సంజీవిని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేర్లు, ఫోను నంబర్లతో సహా వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉన్నట్లు బయటపడింది. అదే సంవత్సరం మైఫిట్‌నెస్‌పాల్ అనే యాప్ నుంచి దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. ఆడవారి నెలసరి తేదీలు రాసుకునే ఫ్లో అనే యాప్, గోప్యంగా ఉంచుతామని మాట ఇచ్చి ఆ సమాచారాన్ని ఫేస్‌బుక్ వంటి కంపెనీలకు పంపిందన్న ఆరోపణపై 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

పేరు తీసివేస్తే చాలు కదా అనవచ్చు. చాలదు. అమెరికాకు చెందిన స్ట్రావా కంపెనీ 2017 నవంబరులో తన యాప్ వాడేవారి పరుగు దారులన్నిటినీ పేర్లు లేకుండా ఒక ప్రపంచ పటంగా ప్రచురించింది. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి దానిని పరిశీలించి సిరియా, అఫ్ఘనిస్తాన్‌లలోని సైనిక స్థావరాలు అందులో కనిపిస్తున్నాయని బయటపెట్టాడు. ఎడారిలో రోజూ పరుగెత్తేది సైనికులే. గీతే వారి ఆచూకీ చెప్పేసింది. రోజూ ఒకే వేళకు, ఒకే దారిన ఒంటరిగా పరుగెత్తే ఆడపిల్ల ఇల్లు ఎక్కడో చెప్పడానికి కూడా ఆ గీత చాలు. కాబట్టి దారి ఇతరులకు కనిపించకుండా ఉండడమే యాప్‌లో మొదటి అమరిక కావాలి. చూపించాలో వద్దో తర్వాత ఆమె తేల్చుకుంటుంది.

పదివేల అడుగులు ఎవరి లెక్క?

రోజుకు పదివేల అడుగులు నడవాలని చాలా యాప్‌లు చెబుతాయి. దీని పుట్టుక వైద్యశాస్త్రంలో లేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మింది. దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. 2019లో 16 వేల మందికి పైగా వృద్ధ మహిళల మీద అమెరికాలో జరిపిన అధ్యయనంలో 7,500 అడుగుల తర్వాత అదనపు లాభం పెద్దగా కనిపించలేదు.

పొద్దంతా కలుపు తీసిన ఆడకూలీ ఫోను గట్టు మీద సంచిలో ఉంటుంది. సాయంత్రం యాప్ ఆమెకు ‘ఈ రోజు మీరు కదలలేదు’ అని చెబుతుంది. కుర్చీలో కూర్చుని పని చేసేవారి కోసం వేసిన లెక్క ఆమెకు పనికిరాదు. ఎత్తుకు తగ్గ బరువు కొలిచే బి.ఎం.ఐ. కూడా ఇటువంటిదే. సాధారణంగా 25 దాటితే అధిక బరువు అంటారు. ఆసియా వారికి 23 నుంచే ముప్పు గమనించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. మరో పక్క రాష్ట్రంలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. అటువంటివారికి బరువు తగ్గమని, పూట మానమని చెప్పే యాప్ మేలు చేయదు సరికదా కీడు చేస్తుంది.

సాము గరిడీలో ఉస్తాదు నిన్న జ్వరపడిన కుర్రవాడి చేత నేడు దండేలు తీయించడు. యాప్‌కు ఆ చూపు లేదు. రాయలసీమ మే నెల ఎండలో ‘నీ స్నేహితుడు నిన్ను దాటిపోయాడు, ఇంకా పరుగెత్తు’ అని ఉసిగొల్పడం మాత్రం దానికి తెలుసు. వడదెబ్బకు దారితీసే అటువంటి ప్రేరణ పెట్టకపోవడం, ఎండ ముదిరితే ఆగమని చెప్పడం తయారు చేసేవాడి బాధ్యత.

వైద్యం చేస్తానంటే వేరే చట్టం

అడుగులు లెక్కపెట్టడం వేరు, రోగం ఉన్నదీ లేనిదీ చెప్పడం వేరు. రోగ నిర్ధారణకు, చికిత్సకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాల నియంత్రణ కిందకు వచ్చింది. అటువంటి యాప్‌కు ఔషధ నియంత్రణ శాఖ నిబంధనలు వర్తిస్తాయి. ‘30 రోజుల్లో షుగరు మాయం’ అని ప్రకటించేవారికి ఇంకా పాత చట్టం ఒకటి కాచుకుని ఉన్నది. 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టం మధుమేహం, ఊబకాయంతో సహా అనేక రోగాలు నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

అన్యాయం జరిగితే

సమాచార రక్షణ చట్టం ప్రకారం మొదట యాప్ కంపెనీకి ఫిర్యాదు చేయాలి. న్యాయం జరగకపోతే సమాచార రక్షణ బోర్డును ఆశ్రయించాలి. సమాచారానికి తగిన కాపలా పెట్టని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఇందులో ఒక లోటు ఉన్నది. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. 2011 నిబంధనలు ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేకంగా సున్నితమైనదిగా పేర్కొన్నాయి. కొత్త చట్టం ఆ తేడా కూడా చూపలేదు. ఈ రెండు లోట్లను పూరించవలసిందిగా మన పార్లమెంటు సభ్యులను అడగవలసి ఉంది.

డబ్బు చెల్లించి కొన్న యాప్ మోసం చేస్తే మాత్రం పరిహారానికి వినియోగదారుల కమిషన్ దారి ఉంది. కంపెనీ బెంగుళూరులో ఉన్నా, బొంబాయిలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కోసిగి వారికి అది కర్నూలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కట్టనవసరం లేదు. రసీదు, యాప్ ఇచ్చిన మాటలు కనిపించే ఫోను తెర ఫోటోలు దాచుకోవాలి.

యాప్ పెట్టుకునే ముందు ప్రతివారూ నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇది నా దగ్గర ఏమేమి తీసుకుంటున్నది? ఎందుకు? ఎవరికి ఇస్తుంది? వద్దనుకుంటే తుడిచివేస్తుందా? నాలుగింటికీ అర్థమయ్యే తెలుగులో జవాబు దొరకకపోతే ఆ యాప్‌ను తీసివేయడమే మేలు. యాప్ చేయబోయే యువకులు ఆ నాలుగు జవాబులను మొదట కాగితం మీద రాసుకుని, తమ ఇంట్లో చదువురాని పెద్దవారికి వివరించి చూడాలి. వారికి అర్థమై, వారు సరేనన్న తర్వాతే పని మొదలుపెట్టాలి. కళాశాలల అధ్యాపకులు, గ్రామ సభలు ఈ విషయమై యువకులకు, మహిళా సంఘాలకు తెలియజెప్పే బాధ్యత తీసుకుంటే కోసిగి వంటి మండలాలకు ఎంతో ఉపకారం చేసినవారవుతారు.