మీకు తెలుసా? సర్ది గోలి ఒక్కటే, లోపల మందులు మూడు

మందమర్రిలో మెడికల్ షాపుకు పోయి "సర్దయింది, గోలి ఇయ్యన్నా" అంటే చేతిలో పడేది ఒక్కటే గోలి. లోపల మాత్రం తరచుగా మూడు మందులుంటాయి. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ పారాసిటమాల్, తుమ్ములకూ కారే ముక్కుకూ సెట్రిజినో క్లోర్‌ఫెనిరమినో, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్.

మందమర్రి లాంటి బొగ్గు గనుల ఊరు భయపడాల్సింది రెండోదానికి, అంటే తుమ్ముల మందుకు. అలర్జీలో తుమ్ములు పుట్టించేది ఒంట్లో ఊరే హిస్టమిన్. దాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. అదే హిస్టమిన్ మెదడులో మనిషిని మెలకువగా ఉంచుతుంది, అక్కడా అడ్డుపడితే మగత కమ్ముతుంది. క్లోర్‌ఫెనిరమిన్‌తో ఇది ఎక్కువ, సెట్రిజిన్‌తో కొంత తక్కువ. రాత్రి మింగిన గోలి మత్తు పొద్దున ఫస్ట్ షిఫ్టు దాకా వదలకపోవచ్చు. సెట్రిజిన్ వేసుకున్న పైలట్ ఆఖరి మోతాదు తర్వాత 48 గంటలు గడిచేదాకా విమానం నడపకూడదని అమెరికా విమానయాన అధికారుల నియమం. కల్యాణిఖని ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ మీద కూర్చునే అన్నకు మెలకువ అంతకంటే తక్కువ అవసరమా? డాక్టరుకు జలుబు సంగతితో పాటు మీ డ్యూటీ ఏమిటో, ఏ షిఫ్టో కూడా చెప్పండి. గోలి వేసుకున్న రోజు బీరూ వద్దు, కల్లూ వద్దు. మగత ఇంకా పెరుగుతుంది.

అన్నట్టు, బొగ్గు దుమ్ముకు వచ్చే ప్రతి తుమ్మూ అలర్జీ కాదు. దుమ్ము ముక్కును రేపితే వచ్చే తుమ్ముకు గోలి కంటే మాస్కే మేలు.

ఇక ఫినైలెఫ్రిన్. నోటితో మింగితే ఇది ముక్కు దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. అయినా మన స్ట్రిప్పుల మీద దాని పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

సర్ది గోలి వేసుకుని, జ్వరానికని ఇంకో డోలో 650 మింగేవాళ్లు చాలామంది. రెండింట్లోనూ ఉన్నది పారాసిటమాలే. పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు, తాగుడు అలవాటుంటే అంతకు ముందే.

ఇలాంటి కలగలుపు మందుల్లో అర్థం లేనివని 2024 ఆగస్టులో కేంద్రం ఒకేసారి 156 రకాలను నిషేధించింది. జలుబు, జ్వరం మందులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

పిల్లల విషయం వేరే చెప్పాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని సీసా మీదే ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. పెద్దోడికి రాసిన సిరప్ మిగిలింది గదా అని చిన్నదానికి తాగించకండి, ముందు డాక్టరుకు చూపించండి.