తెరిచిన తలుపుల సౌత్ సైడ్

చికాగోలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకు డెవాన్ వీధి తెలుసు. అరోరా బాలాజీ గుడి, లెమాంట్ రామాలయం తెలుసు. ఊరినుంచి చుట్టాలొస్తే మిలీనియం పార్కూ, సరస్సు ఒడ్డూ చూపిస్తాం. అక్కడికి దక్షిణాన, కారులో ఎంతో దూరం కాని సౌత్ సైడ్‌లోని బ్రాంజ్‌విల్, వాషింగ్టన్ పార్కు, సౌత్ షోర్ పేటల ప్రస్తావన వస్తే మాత్రం “అటు వెళ్ళకండి, మంచిది కాదు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ మాట ఒకరి నోటినుంచి ఒకరికి చేరుతూ వస్తోంది. వెళ్ళి చూసి చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ పేటల్లో నల్లజాతివారు తరతరాలుగా నడుపుకొస్తున్న ఉచిత సభలు, ఉత్సవాలు, కళాకేంద్రాలు ఉన్నాయి. టికెట్ అడగని ఆ చోట్లనుంచే గొప్ప కవులు, ఫొటోగ్రాఫర్లు, వ్యాపారులు తయారయ్యారు. వాటిని ఎవరు నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో తెలుసుకోవడం ఈ ఊళ్ళో ఉంటున్న మనకు చాలా అవసరం.

నీళ్ళమీద గీత

సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదివినవాళ్ళకు, అమెరికాకు బానిసగా తెచ్చిన కుంటా కింటే కుటుంబం కథ తెలుసు. అలాంటి కుటుంబాల మనవలూ మునిమనవలే దక్షిణాది పత్తిచేలనూ, తీరని అప్పులనూ, మూక హత్యలనూ వదిలి ఉత్తరాదికి రైలెక్కారు. 1916 నుంచి 1970 వరకు చికాగోకు చేరినవాళ్ళే దాదాపు 5 లక్షలమంది. రాబర్ట్ అబ్బాట్ 1905లో మొదలుపెట్టిన ‘చికాగో డిఫెండర్’ పత్రిక వాళ్ళను రమ్మని పిలిచింది. రైళ్ళలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు ఆ పత్రిక కట్టల్ని దక్షిణాది ఊళ్ళకు చాటుగా చేరవేసేవారు.

వచ్చినవాళ్ళకు ఊరు బార్లా తెరుచుకోలేదు. 1919 జూలైలో యూజిన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ కుర్రవాడు మిషిగన్ సరస్సులో తెప్పమీద తేలుతూ, తెల్లవాళ్ళు తమదనుకున్న వైపుకు వెళ్ళాడు. నీళ్ళమీద ఏ గీతా లేదు. అయినా ఒడ్డునుంచి రాళ్ళు పడ్డాయి, పిల్లవాడు మునిగిపోయాడు. ఆ తర్వాత చెలరేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. వాళ్ళలో 23 మంది నల్లవాళ్ళు. ఇళ్ళ దస్తావేజుల్లో “నల్లవాళ్ళకు అమ్మరాదు, అద్దెకివ్వరాదు” అనే షరతులుండేవి. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది 1948లో. క్లబ్బులు, హోటళ్ళు, పెద్ద కంపెనీల నియామకాలు, అన్నిచోట్లా ఇదే వరస.

డబ్బు లేకపోవడం ఒక లోటు. డబ్బున్నవాళ్ళతో, పని నేర్చినవాళ్ళతో, పని ఇవ్వగలవాళ్ళతో పరిచయమే దొరక్కుండా చేయడం అంతకన్నా పెద్ద దెబ్బ. ఈ రెండో లోటు పూడ్చడానికే సౌత్ సైడ్ తన సొంత తలుపులు కట్టుకుంది.

పది సెంట్ల నాణేలు

సౌత్ మిషిగన్ అవెన్యూలో 3831 నంబరు ఇల్లు సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్. ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వం ఒక ఒప్పందానికి వచ్చింది. బొమ్మలు నేర్పే కళాకారుల జీతాలు తాను ఇస్తుంది, భవనం మాత్రం పేటవాళ్ళే సమకూర్చుకోవాలి. దాంతో ‘మైలు పొడుగు డైములు’ అనే చందాల ఉద్యమం పెట్టారు. మార్గరెట్ బరోస్ అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటిన చిత్రకారిణి. వీధి మొగలో డబ్బా పట్టుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్ళనుంచి పది సెంట్ల నాణేలు పోగుచేసింది. 1940 డిసెంబరులో కేంద్రం తెరిచారు. మరుసటి ఏడు మే నెలలో దేశాధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి అధికారికంగా ప్రారంభోత్సవం చేశారు.

అప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. కూలి పనులూ రైలు ఉద్యోగమూ చేస్తూ సొంతంగా కెమెరా పట్టడం నేర్చుకున్న గోర్డన్ పార్క్స్‌కు నేలమాళిగలో ఫొటోలు కడుక్కునే చీకటి గది ఇచ్చారు. సౌత్ సైడ్ జీవితాన్ని ఫొటోలు తీసి అక్కడే ప్రదర్శించాడు. ఆ పనికే రోజెన్‌వాల్డ్ ఫెలోషిప్ దొరికింది, దాంతో రాజధాని వాషింగ్టన్ చేరాడు. 1942లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో శుభ్రంచేసే నల్లజాతి ఉద్యోగినిని చీపురుతో జెండా ముందు నిలబెట్టి తీసిన ఫొటో లోకమంతా ఎరిగినదే. అదే ఇంట్లో 1941లో ఇనెజ్ కనింగ్‌హమ్ స్టార్క్ అనే సంపన్నురాలు కవిత్వ తరగతి నడిపింది. ఆ తరగతిలో కూర్చున్న గ్వెండలిన్ బ్రూక్స్ 1945లో బ్రాంజ్‌విల్ వీధుల మీద తొలి కవితాసంపుటి తెచ్చింది. 1950లో పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే.

మార్గరెట్ బరోస్ అక్కడితో ఆగలేదు. 1961లో భర్తతో కలిసి తమ ఇంటి ముందు గదుల్లోనే నల్లజాతి చరిత్ర మ్యూజియం పెట్టింది. చికాగోలో తొలి శాశ్వత నివాసం ఏర్పరచుకున్న వలసదారుడు, నల్లజాతివాడు అయిన డు సాబ్ల్ పేరుతో అది ఇప్పుడు వాషింగ్టన్ పార్కులో పెద్ద సంస్థగా ఉంది.

ఒక లైబ్రేరియన్, ఒక విందు

1932లో బ్రాంజ్‌విల్‌లో తెరిచిన హాల్ గ్రంథాలయానికి వివియన్ హార్ష్ అధిపతి. చికాగో పబ్లిక్ లైబ్రరీలో తొలి నల్లజాతి లైబ్రేరియన్ ఆమే. నల్లజాతివారి చరిత్ర, సాహిత్యం మీద దొరికిన ప్రతి పుస్తకాన్నీ కాగితాన్నీ పోగుచేసింది. పుస్తక సమీక్షలు, ఉపన్యాసాల కోసం ఒక వేదిక నడిపింది. రిచర్డ్ రైట్, లాంగ్‌స్టన్ హ్యూస్, జోరా నీల్ హర్‌స్టన్ వంటివాళ్ళు అక్కడ మాట్లాడారు. వంటపని చేసే ఆమె, పాకింగ్ హౌస్‌లో మాంసం కోసే అతను, కాలేజీ విద్యార్థి ఒకే వరసలో కూర్చుని విన్నారు. పైసా ఖర్చు లేదు. ఆమె కూడబెట్టిన ఆ సంపద ఇప్పుడు హాల్‌స్టెడ్ వీధిలోని వుడ్సన్ గ్రంథాలయంలో ఉంది, ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

పరిచయం విలువ తెలియాలంటే జాన్ జాన్సన్ జీవితం చూడాలి. ఆర్కన్సాలోని తమ ఊళ్ళో నల్లజాతి పిల్లలకు హైస్కూలు లేకపోతే, వంటపని చేసుకునే తల్లి 1933లో కొడుకుని చికాగో తెచ్చింది. 1936లో హైస్కూలు పూర్తిచేసిన చురుకైన విద్యార్థుల్ని సన్మానిస్తూ అర్బన్ లీగ్ అనే సంస్థ ఒక విందు ఇచ్చింది. అక్కడ బీమా కంపెనీ అధ్యక్షుడు హ్యారీ పేస్‌తో జాన్సన్ మాట కలిపాడు. కాలేజీకి డబ్బు లేదని తెలిసి పేస్ తన కంపెనీలో చిన్న ఉద్యోగం ఇచ్చాడు. 1942లో తల్లి తన ఇంట్లోని సామాను తాకట్టు పెట్టి 500 డాలర్లు తెచ్చిస్తే, ఆ బీమా కంపెనీ ఖాతాదారుల చిరునామాలకు ఉత్తరాలు రాసి తొలి పత్రికకు చందాదారుల్ని సంపాదించాడు. 1945లో మొదలుపెట్టిన ‘ఎబొనీ’ పత్రిక దేశమంతటా నల్లజాతి ఇళ్ళకు చేరింది. ఆ తల్లి త్యాగం, ఆ యువకుడి తెలివి అందులో ఉన్నాయి. వాటికి దారి చూపించింది ఆ ఒక్క విందులో కలిసిన మాట.

ఆగస్టు రెండో శనివారం

డిఫెండర్ పత్రిక అమ్మే పిల్లల్ని ఏడాదికి ఒక్కరోజైనా రాజకుమారుల్లా ఊరేగించాలని అబ్బాట్ అనుకున్నాడు. అలా 1929లో మొదలైంది బడ్ బిలికెన్ పెరేడ్. బడ్ బిలికెన్ అనేది ఆ పత్రిక పిల్లల పేజీ సంపాదకుడికి పెట్టిన కల్పిత నామం. ఆగస్టు రెండో శనివారం కింగ్ డ్రైవ్ పొడుగునా సాగి వాషింగ్టన్ పార్కులో ముగిసే ఈ ఊరేగింపు దేశంలో నల్లజాతివారు నడిపే పెరేడ్‌లన్నిటిలోకీ పాతది, పెద్దది.

తెల్లవారకముందే కుటుంబాలు గుడారాలు, మడతకుర్చీలు వేసి చోటు పట్టుకుంటాయి. రోడ్డు పక్క పచ్చికలో బొగ్గుల పొయ్యిలమీద మాంసం కాలుతుంటుంది. పిల్లల డ్రిల్ బృందాలు ఉత్తుత్తి తుపాకుల్ని గాల్లోకి ఎగరేసి అడుగు తప్పకుండా పట్టుకుంటాయి. వాటి వెనక హైస్కూలు బ్యాండ్లు, చర్చి బృందాలు, రాజకీయ నాయకులు. బడులు తెరిచే ముందు వచ్చే పండుగ గనక పార్కులో పుస్తకాల సంచులు, నోటుపుస్తకాలు ఉచితంగా పంచుతారు. నాయనమ్మ ఎక్కడ కూర్చుని చూసిందో అక్కడే మనవరాలూ కుర్చీ వేస్తుంది. వేరే ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు ఆ వారానికి తిరిగివస్తారు. ఉద్యోగం వెతుక్కునే కుర్రవాడికి మేనమామ స్నేహితుడు కలిసేదీ అక్కడే.

పాటకూ టికెట్ లేదు. ఒకప్పుడు మాక్స్‌వెల్ వీధిలో ఆదివారం సంతరోజున దక్షిణాదినుంచి వచ్చిన గాయకులు దుకాణాలనుంచి కరెంటు తీగ లాక్కుని బ్లూస్ పాడేవారు. ఆ సంగీతానికి నగరం 1984నుంచి ఉచిత ఉత్సవం చేస్తోంది. మరుసటి ఏడు గాస్పెల్ ఉత్సవం వచ్చింది. జాజ్ ఉత్సవం అంతకుముందు 1979లోనే మొదలైంది. బ్లూస్‌కు జూన్, జాజ్‌కు లేబర్ డే రోజులు గుర్తుపెట్టుకోండి.

ఈ కాలంలోనూ సౌత్ సైడ్‌లో కొత్త తలుపులు తెరుచుకుంటున్నాయి. స్టోనీ ఐలండ్ అవెన్యూలో 1923నాటి పాడుబడ్డ బ్యాంకు భవనాన్ని కళాకారుడు థియాస్టర్ గేట్స్ నగరంనుంచి 1 డాలరుకు కొన్నాడు. లోపలి పాలరాతి పలకల్ని ముక్కలు చేసి, బాండ్లుగా చెక్కి, ఒక్కొక్కటీ 5,000 డాలర్లకు అమ్మి బాగుచేయించాడు. 2015లో తెరిచిన ఆ ‘ఆర్ట్స్ బ్యాంక్’లో ‘ఎబొనీ’ జాన్సన్ ప్రచురణ కంపెనీ గ్రంథాలయం, ‘హౌస్’ అనే నృత్య సంగీతానికి ఆద్యుడైన ఫ్రాంకీ నకల్స్ రికార్డులు భద్రంగా ఉన్నాయి.

ఉచితం వెనక ఖర్చు

టికెట్ లేనంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు. ఎవరో ఒకరు భరిస్తారు. నాణేలు వేసిన బాటసారులు, జీతం ఇచ్చిన ప్రభుత్వం, హాలు ఇచ్చిన చర్చి, స్థలం ఇచ్చిన దాత, పన్ను కట్టిన పౌరులు, కుర్చీలు సర్దే స్వచ్ఛంద సేవకులు. ఆ ఖర్చు వృథా పోదనడానికి 1966లో డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమం తరఫున యువ నాయకుడు జెస్సీ జాక్సన్ ఆధ్వర్యంలో చికాగోలో మొదలైన శనివారం సభలు మంచి ఉదాహరణ. ప్రార్థన, పాట, ఉపన్యాసం అయ్యాక అసలు పని మొదలయ్యేది. నల్లజాతివారికి ఉద్యోగాలివ్వని దుకాణాలేవి, ఎవర్ని బహిష్కరించాలి, నల్లజాతివారు తయారుచేసిన సరుకుల్ని ఏ అలమరల్లో పెట్టించాలి అని తేల్చేవారు. ఆ ఒత్తిడికి దిగివచ్చి దుకాణాలు ఒప్పందాలు చేసుకున్నాయి.

మన వంతు

అదే 1966లో డాక్టర్ కింగ్ చికాగోలో ఇళ్ళ వివక్షమీద ఊరేగింపులు తీశారు. మార్క్వెట్ పార్కులో ఆయన తలకు రాయి తగిలింది. 1968లో ఆయన హత్య తర్వాత వారంరోజుల్లో ఇళ్ళ అమ్మకాల్లో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూడకూడదనే చట్టం వచ్చింది. ఈరోజు నేపర్‌విల్‌లోనో షాంబర్గ్‌లోనో మనవాళ్ళు నచ్చిన ఇల్లు నిశ్చింతగా కొంటున్నారంటే ఆ చట్టం అండ ఉంది. మనల్ని ఈ దేశానికి రప్పించిన 1965 వలస చట్టం కూడా పౌరహక్కుల పోరాటం తెచ్చిన వాతావరణంలో పుట్టిందే. వాళ్ళు వేసిన బాటమీద నడిచి వచ్చాం, వాళ్ళ వీధుల్ని మాత్రం తప్పించుకు తిరుగుతున్నాం. ఇది మార్చుకోవాలి.

మార్చుకోవడం కష్టమేమీ కాదు. పిల్లల్ని వెంటబెట్టుకుని బడ్ బిలికెన్‌కు వెళ్ళండి. తెరిచి ఉండే రోజు కనుక్కుని ఆర్ట్ సెంటర్, డు సాబ్ల్ మ్యూజియం చూడండి. అక్కడి హోటళ్ళలోనే భోజనం చేయండి. మన కాలేజీ పిల్లలకు హార్ష్ సేకరణ పరిచయం చేయండి. అతిథులుగా వెళ్ళి వినండి, తర్వాత మన పండుగకూ పిలవండి.

మన సంఘాలకు ఒక విన్నపం. ఉగాదికి, సంక్రాంతికి వేలు ఖర్చుచేసి హాళ్ళు తీసుకుంటున్నాం. ఆ రోజు ఒక గది, రెండు గంటలు టికెట్ లేకుండా అందరికీ తెరిచి ఉంచుదాం. అక్కడ మన డాక్టర్లు, ఇంజనీర్లు, వ్యాపారులు కూర్చోవాలి. కొత్తగా వచ్చిన మన విద్యార్థీ, సౌత్ సైడ్ హైస్కూలు పిల్లా ధైర్యంగా వచ్చి మాట కలపాలి. హ్యారీ పేస్ చేసింది అంతే, ఎదురుపడ్డ కుర్రవాడితో మాట్లాడి ఒక చిన్న అవకాశం ఇచ్చాడు. ఆ పాటి పని చేయగల స్తోమత మన సంఘాల్లో ప్రతిదానికీ ఉంది.